ఎవరు గెలుస్తారో సరే, ఎన్ని మ్యాచ్‌ల్లో?

(విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక కమ్యూనిటీ హాలులో 2025 జూన్ చివరి ఆదివారం సాయంత్రం ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినబడుతోందా? సరే.

ముందుగా ఈ పుస్తకం చూడండి. మామూలు లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద ఈ గుండ్రటి మరకలు టీ గ్లాసులవి. ఏటా ఫైనల్స్ వేళకు అలమరలోంచి బయటికి వస్తుంది, అవి ముగియగానే మళ్లీ లోపలికి వెళుతుంది. అమెరికాలో ఎన్.బి.ఎ. అనే బాస్కెట్‌బాల్ లీగ్ ఉంది కదా, దాని ఫైనల్స్ ఎవరు గెలుస్తారో మా ఉదయపు నడక మిత్రులం పదకొండు మందిమి ఇందులో ముందుగా రాసి సంతకాలు పెడతాం. పెన్నుతోనే రాయాలి. కొట్టివేతలు చెల్లవు. డబ్బు పందెం లేదు. లెక్కలో అందరికన్నా వెనకబడినవారు మాడుగుల హల్వా తేవాలి.

విశాఖలో అరవై దాటినవాళ్లకు ఈ పిచ్చి ఎలా పట్టిందని మీరు అడగవచ్చు. పిల్లల వల్లే. కొడుకు డల్లాస్‌లో ఉంటే తండ్రి మావెరిక్స్ అభిమాని అవుతాడు. కూతురు ఫ్రీమాంట్‌లో ఉంటే తల్లికి వారియర్స్ తప్ప ఇంకో జట్టు కనబడదు. వీడియో కాల్‌లో మనవడు తొడుక్కున్న బనీను రంగే ఇంటిల్లిపాదికీ జెండా. దానికి తోడు వేళ కూడా కలిసివచ్చింది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే మ్యాచ్ మనకు మర్నాడు ఉదయం ఆరింటికి వస్తుంది. బీచ్ రోడ్డులో నడక ముగించుకుని, చెమట ఆరకముందే టీవీ ముందు కూర్చోవచ్చు. క్రికెట్ రోజంతా తినేస్తుంది. ఇది టిఫిను వేళకు అయిపోతుంది.

ఆట తెలియనివారికి ఒక్క మాట. ఫైనల్స్‌లో రెండు జట్లు గరిష్ఠంగా ఏడు మ్యాచ్‌లు ఆడతాయి. ముందుగా నాలుగు గెలిచినవారిదే టైటిల్. ఇక దీని మీదే నా ఉపన్యాసమంతా.

పుస్తకం ఎందుకు పెట్టవలసి వచ్చిందో చెప్పాలి. 2016లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆ సీజన్‌లోని 82 మ్యాచ్‌లలో 73 గెలిచారు. అంతకుముందు అన్ని గెలిచిన జట్టు లేదు. ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ మీద 3–1 ఆధిక్యంలోకి వచ్చారు. అప్పటిదాకా ఫైనల్స్‌లో 3–1తో వెనకబడిన జట్లు 32. ఆ ముప్ఫై రెండూ ఓడిపోయినవే. మా టీ బండి దగ్గర వారియర్స్‌కు అభినందనలు చెప్పడం కూడా అయిపోయింది. ఆ తరవాతి మూడు మ్యాచ్‌లూ కావలియర్స్ గెలిచారు. ఏడో మ్యాచ్ మనకు జూన్ 20, సోమవారం ఉదయం. 93–89. ఆఖరి నిమిషాల్లో వారియర్స్ ఆటగాడు ఇగుడాలా బంతిని తేలిగ్గా బుట్టలో వేయబోతుంటే, కావలియర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కోర్టు ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చి బోర్డుకు అదిమేశాడు చూడండి, అది నేను ఇప్పటికి వందసార్లు చూసి ఉంటాను.

మర్నాడు టీ బండి దగ్గర ఏడుగురు, ‘నేను అప్పుడే అన్నాను కదా’ అన్నారు. కావలియర్స్ గెలుస్తారని తాము ముందే చెప్పామట. వాళ్లెవరూ అబద్ధాలు ఆడే మనుషులు కారు. వాళ్లకు నిజంగానే అలా గుర్తుంది. ముప్ఫై ఏళ్లు గణాంకశాస్త్రం బోధించినవాణ్ని కదా, నేను నవ్వుకోవాలి. నవ్వలేదు. ఎందుకంటే ఆ ఎనిమిదో మనిషిని నేనే. నాకూ అలాగే గుర్తుంది! (నవ్వులు) ఆ సాయంత్రమే ద్వారకానగర్ వెళ్లి ఈ పుస్తకం కొన్నాను. మొదటి పేజీ 2017ది.

ఇప్పుడు ఈ ఏడాది పేజీకి వద్దాం. ఓక్లహోమా సిటీ థండర్, ఇండియానా పేసర్స్. సీజన్‌లో థండర్ 68 గెలిచారు, పేసర్స్ 50. మా పదకొండు మందిలో తొమ్మిది మంది థండర్ అని రాశారు. అందులో ఆశ్చర్యం లేదు. జూన్ 6, శుక్రవారం, మొదటి మ్యాచ్. మేం చూసేది పోర్టులో పనిచేసే ఒక మిత్రుడి ఇంట్లో. ఆయన మాకంటే చిన్నవాడు, ఇంకా సర్వీసులో ఉన్నాడు. పెద్ద టీవీ ఆయనదే, పుస్తకంలో ఫలితాలు ఎక్కించే బాధ్యతా ఆయనదే. ఆఖరి క్వార్టర్‌లో థండర్ 15 పాయింట్లు ముందున్నారు. ఆయన గడియారం చూసుకున్నాడు, బూట్లు తొడుక్కున్నాడు, నిలబడే కాఫీ తాగాడు. ‘ఇంక ఏముంది మాస్టారూ, అయిపోయింది’ అని పుస్తకంలో ‘1–0 థండర్’ అని రాసి, స్కూటర్ ఎక్కి డ్యూటీకి వెళ్లిపోయాడు. మమ్మల్ని ఆయన ఇంట్లో, ఆయన సోఫాలో వదిలేసి.

పేసర్స్ ఒక్కొక్క పాయింటూ తగ్గించుకుంటూ వచ్చారు. ఇంకా ఒక పాయింటు వెనకే ఉన్నారు. టైరీస్ హాలీబర్టన్ కుడివైపు నుంచి లోపలికి వచ్చి, ఆగి, ఎగిరి వేశాడు. బంతి వలలో పడేసరికి గడియారంలో మిగిలింది 0.3 సెకను. 111–110. మీకు ఈ లెక్క నచ్చుతుందో లేదో కానీ, 48 నిమిషాల ఆటలో పేసర్స్ ముందున్నది ఆ 0.3 సెకను మాత్రమే. ఆ ముందుండవలసిన క్షణమే ముందున్నారు. మేం ఫోను చేస్తే పోర్టు ఆయన ఎత్తలేదు, స్కూటర్ మీద ఉన్నాడు. ఆఫీసుకు చేరి అందరికీ థండర్ గెలిచారని చెప్పేశాక తెలిసింది. ఇదిగో, చూడండి. ఈ పుస్తకం మొత్తంలో కొట్టివేత ఇదొక్కటే.

ఆ మర్నాడు నడకలో ఒకటే చర్చ. ‘ఫైనల్స్ చరిత్రలో మొదటి మ్యాచ్ గెలిచిన జట్టే సుమారు 70 శాతం సార్లు టైటిల్ గెలిచింది, ఇక పేసర్స్‌దే’ అన్నారు. టీవీలో కూడా ఏటా ఇదే అంకె చూపిస్తారు. నిజమైన అంకే. కానీ అది ఏం చెబుతోంది? కాస్త ఓపిక పట్టండి, నల్లబల్ల లేకుండా చెబుతాను. రెండూ సరిసమానమైన జట్లు అనుకోండి, ప్రతి మ్యాచూ నాణెం ఎగరేసినట్టే. ఒక జట్టు మొదటిది గెలిచింది. మిగిలిన ఆరింటిలో దానికి ఇంక మూడు చాలు. నాణెం ఆరుసార్లు ఎగరేస్తే 64 రకాలుగా పడవచ్చు. వాటిలో కనీసం మూడు బొమ్మలు పడేవి 42. అంటే 65.6 శాతం. ఏ ఊపూ లేదు, మానసిక స్థైర్యం లేదు, దైవబలం లేదు. ఉత్త నాణేలకే 65.6! మిగిలిన నాలుగైదు శాతం చాలావరకు మొదటి మ్యాచ్ గెలిచేది సాధారణంగా మెరుగైన జట్టే కావడం వల్ల వస్తుంది. ‘ఊపు వచ్చేసింది’ అని గంటసేపు మాట్లాడేవాళ్లను ఈ లెక్క చూపించి నోరు మూయించవచ్చని నేను అనుకున్నాను. మా వాళ్లు మూయలేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఎవరు గెలుస్తారన్నది ఊహించడం అంత కష్టం కాదు. ఏడు మ్యాచ్‌ల పద్ధతే మెరుగైన జట్టుకు అనుకూలంగా ఉంటుంది. ఒక్కో మ్యాచ్‌లో నూటికి 60 సార్లు గెలవగల జట్టు ఈ సిరీస్‌ను నూటికి 71 సార్లు గెలుస్తుంది. నూటికి 80 సార్లు గెలవగల జట్టు అయితే దాదాపు 97 సార్లు. మన క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, 2023 నవంబర్ 19 గుర్తు చేసుకోండి. వరసగా పది గెలిచి అహ్మదాబాద్ వెళ్లాం, పదకొండోది ఆస్ట్రేలియాతో ఓడిపోయాం. ఆ రాత్రి ఈ కాలనీలో ఒక్క ఇంట్లోనూ మాట వినబడలేదు. ఒకే ఒక్క మ్యాచ్‌తో ప్రపంచ విజేతను తేల్చేస్తే అంతే. అదే ఏడు మ్యాచ్‌లు పెట్టి ఉంటే మన జట్టే గెలిచేదని నా నమ్మకం. ఇది గణాంకశాస్త్రం కాదు, కడుపుమంట.

కాబట్టి, విజేత పేరు సరిగ్గా రాశానని విర్రవీగడానికి పెద్దగా ఏమీ లేదు. మా పుస్తకంలో రెండో గడి ఉంది: ఎన్ని మ్యాచ్‌ల్లో? అక్కడ చూడాలి మనుషుల్ని. సమాన జట్ల మధ్య సిరీస్ నాలుగింటిలోనే ముగిసే అవకాశం 8కి 1. అయిదింట 4కి 1. ఆరింట, ఏడింట 16కి 5 చొప్పున. అంటే ఆరూ ఏడూ సమానం, అన్నిటికన్నా ఎక్కువ అవకాశం ఈ రెండింటికే. కానీ మా పుస్తకంలో ఏడు అని రాసినవాళ్లను వెతుక్కోవలసిందే. ‘థండర్, అయిదింట్లో’ అని రాస్తే ఆట తెలిసినవాడిలా ఉంటుంది. ‘ఏడింట్లో’ అని రాస్తే ఏదీ తేల్చుకోలేనివాడిలా ఉంటుందని భయం. ఇంకో సంగతి. ఒక జట్టుకు ప్రతి మ్యాచ్‌లోనూ 60 శాతం అవకాశం ఉందని దేవుడే వచ్చి మీ చెవిలో చెప్పినా, ఎన్ని మ్యాచ్‌ల్లో అన్నది సరిగ్గా చెప్పలేరు. ఆ జట్టు అయిదింట గెలిచే అవకాశం 20.7 శాతం, ఆరింట గెలిచే అవకాశమూ అదే. అయిదుసార్లు చెబితే ఒకసారి తగులుతుంది. అదీ దేవుడి సాయంతో.

ఆడేవాళ్లకే కుదరలేదు, చూసే మనకెంత? 1983లో ఫిలడెల్ఫియా ఆటగాడు మోజెస్ మలోన్‌ను ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం సీజన్ చివర దశలవారీగా ఆడే సిరీస్‌లు, ఎలా సాగుతాయని అడిగితే ‘నాలుగు, నాలుగు, నాలుగు’ అన్నాడు. మూడు దశల్లోనూ ఒక్కటీ ఓడకుండా గెలుస్తామని. నాలుగు, అయిదు, నాలుగు అయింది. టైటిల్ వచ్చింది, ఒక్క మ్యాచ్ దగ్గర జోస్యం తప్పింది. అంత దగ్గరగా వచ్చినవాణ్ని నేను ఇంకొకణ్ని ఎరగను.

ఈ ఏడాది ఆ రెండో గడిలో ఏడు అని రాసింది ఒక్కరే. మా వదిన గారు. ఆవిడకు బాస్కెట్‌బాల్‌లో ఒక పాయింటు ఎక్కడ, మూడు పాయింట్లు ఎక్కడ అన్నది ఇప్పటికీ సందేహమే. ‘ఏడు అని ఎందుకు రాశారు వదినా?’ అని అడిగాను. ‘ఏడు జరిగితే ఏడు రోజులు అందరూ కలిసి ఉప్మా తింటారు, నాలుగింటికే అయిపోతే మీ అన్నయ్య మళ్లీ పేపర్ చదువుకుంటూ కూర్చుంటారు’ అన్నారు. (నవ్వులు) సిరీస్ ఏడింటికీ వెళ్లింది. పదకొండు మందిలో సరిగ్గా రాసింది ఆవిడే. నాకు నా పట్టాలు తీసి అటకమీద పెట్టాలనిపించింది.

నవ్వుకోండి, ఫరవాలేదు. కారణం తప్పయి ఫలితం ఒప్పు కావడం కొత్త కాదు. మన కోడిపందేలవాళ్లకు కుక్కుట శాస్త్రం ఉంది. ఏ వారం, ఏ దిక్కు, ఏ రంగు కోడి మీద ఏ రంగుది గెలుస్తుంది, కాకి, డేగ, నెమలి, అన్నీ పట్టికలుగా ఉంటాయి. కోడి గెలిస్తే శాస్త్రం గొప్పది. ఓడితే వదిలిన వేళ తప్పు. మా బృందంలోనూ ఒక శాస్త్రకారుడు ఉన్నారు. జట్టు తెల్ల జెర్సీ వేసుకున్న రోజు ఆయన లెక్క వేరు, నల్లది వేసుకున్న రోజు వేరు. ఆయన్ను వేళాకోళం చేస్తారు కానీ నేను పంచాంగాన్ని కూడా తక్కువ చేయను. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని ఉగాది నాడే అంకెలు వేసి అచ్చు వేయించే ధైర్యం పంచాంగకర్తకు ఉంది. టీవీలో కోటు వేసుకున్న నిపుణుడికి అది లేదు. ‘ఇది చాలా ఆసక్తికరంగా ఉండబోతోంది’ అంటాడు. ఇలా అంటే ఎప్పటికీ తప్పడు.

జోస్యం నోటితో ఆగితే నష్టం లేదు. చేతల్లోకి వస్తేనే ఇబ్బంది. 1969లో లాస్ ఏంజెలిస్ లేకర్స్, బోస్టన్ సెల్టిక్స్ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌కు వెళ్లాయి. అంతకుముందు ఫైనల్స్‌లో ఎన్నిసార్లు తలపడినా బోస్టన్‌ను లేకర్స్ ఓడించలేకపోయారు. ఈసారి విల్ట్ చాంబర్లిన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ ముగ్గురూ ఉన్నారు, మ్యాచ్ తమ ఊళ్లోనే. లేకర్స్ యజమాని జాక్ కెంట్ కుక్ స్టేడియం పైకప్పు కింద వేలకొద్దీ బెలూన్లు వలలో కట్టి సిద్ధంగా పెట్టించాడు. గెలవగానే అవి ఎలా వదులుతారు, బ్యాండు ఏ పాట వాయిస్తుంది అని ముందే కాగితం కూడా అచ్చయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ కాగితం బోస్టన్ ఆటగాళ్ల చేతికి చిక్కింది. సెల్టిక్స్ 108–106తో గెలిచారు. వారి బిల్ రసెల్ ఆటగాడిగా ఆడిన ఆఖరి మ్యాచ్ అది, పదమూడు సీజన్లలో పదకొండో టైటిల్. బెలూన్లు పైకప్పు కిందే ఉండిపోయాయి.

ఆ రాత్రి జెర్రీ వెస్ట్ 42 పాయింట్లు వేశాడు. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి, అంటే ఎం.వి.పి., ఆ ఏడాదే మొదలైంది, ఓడిన జట్టువాడైనా అతనికే ఇచ్చారు. ఆ తరవాత ఇప్పటిదాకా ఓడిన జట్టులో ఎవరికీ అది దక్కలేదు. అన్నట్టు, మా అమెరికా మనవడికి మేం ఎం.వి.పి. కాలనీలో ఉంటున్నామని చెబితే ఆ ఊళ్లో అందరూ అంత గొప్ప ఆటగాళ్లా అని అడిగాడు. మువ్వలవానిపాలెం నాయనా అని చెప్పాను. వాడికి మొదటి అర్థమే నచ్చింది. (నవ్వులు, చప్పట్లు)

ఇక మార్కులు ఎలా వేస్తామో చెప్పి ముగిస్తాను. పుస్తకంలో మూడో గడి: పదిలో ఎంత నమ్మకం? ఇది నా పట్టుదల మీద పెట్టింది. దీని వెనక ఉన్న పద్ధతి వాతావరణశాఖలది. 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు, వాన అవకాశం ఇంత శాతం అని చెప్పేవాళ్లకు మార్కులు ఎలా వేయాలో ఒక సూత్రం రాశాడు. మనం తుపాను హెచ్చరిక కేంద్రం ఉన్న ఊరివాళ్లం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన మీదికి వచ్చినప్పుడు, అది ఇక్కడే తీరం దాటుతుందని ముందే చెప్పారు కాబట్టి ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు. జోస్యానికీ అంచనాకూ తేడా ఈ ఊరివాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

సూత్రం చాలా చిన్నది. మీరు థండర్ మీద పదికి తొమ్మిది పెట్టారు. గెలిస్తే పదికి ఒకటి తక్కువ, ఒకటి వర్గం ఒకటి, ఒక్క మార్కు కోత. ఓడితే తొమ్మిది వర్గం, 81 మార్కుల కోత. ఆరు పెట్టినవాడికి గెలిస్తే 16, ఓడితే 36. తెలియదు బాబూ అని అయిదు పెట్టినవాడికి ఎలాగైనా 25. గొప్పలకు పోయేవాడికి ఈ సూత్రం ముందు దిక్కుండదు. మన పోర్టు ఆయన ఎప్పుడూ పదికి పదే రాస్తాడు. ఈ ఏడాది కోత సున్నా, కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. కానీ 2019 పేజీ తీయండి. వారియర్స్, పదికి పది. అయిదో మ్యాచ్‌లో వారి ఆటగాడు కెవిన్ డ్యురాంట్ మడమ నరం తెగింది, ఆరో మ్యాచ్‌లో వారిదే ఇంకో ఆటగాడు క్లే థాంప్సన్ మోకాలు పోయింది, టొరంటో 4–2తో గెలిచింది. ఆయనకు వంద కోత. ‘గాయాలు లేకపోతే’ అని ఆయన ఆర్నెల్లు వాదించాడు. నేను ఒప్పుకోలేదు. మోకాళ్లు కూడా ఆటలో భాగమే, పదికి పది అంటే మోకాళ్లకు కూడా హామీ ఇచ్చినట్టే.

ఆ మాట అంత గట్టిగా అన్నవాణ్ని, మొన్న జూన్ 23 సోమవారం ఉదయం మాత్రం నోరు తెరవలేకపోయాను. పేసర్స్ అని రాసిన ఇద్దరిలో ఒకరి కూతురు ఇండియానాపొలిస్‌లో ఉంటుంది. ఆయన పదికి ఎనిమిది పెట్టారు. ఏడో మ్యాచ్, మొదటి క్వార్టర్. హాలీబర్టన్ మూడు త్రీ పాయింటర్లు వేశాడు, తొమ్మిది పాయింట్లు. పిక్క నొప్పితోనే ఆడుతున్నాడని అందరికీ తెలుసు. మళ్లీ కదలబోయి, ఎవరూ తగలకుండానే కింద పడి, అరచేత్తో నేలను కొట్టాడు. మళ్లీ కోర్టులోకి రాలేదు. మా మిత్రుడు లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. సగం ఆటకు పేసర్స్ 48–47తో ముందున్నారని ఆయనకు వెళ్లి చెప్పాం. ‘ఉండనివ్వండి’ అన్నారు. 103–91తో థండర్ గెలిచారు. ఓక్లహోమా సిటీకి 2008లో ఆ జట్టు వెళ్లాక ఇదే మొదటి టైటిల్. పేసర్స్‌కు ఎన్.బి.ఎ. టైటిల్ ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. ఎనిమిది వర్గం 64. ఆ పేజీలో ఆ అంకె వేసింది నేనే. వేయకుండా ఉండలేను కదా. బుధవారం ఆయన మాడుగుల హల్వా డబ్బా తెచ్చి, ఏమీ అనకుండా, టీ బండి మీద పెట్టారు.

ఏమమ్మా, ప్రశ్నా? ఆ... వచ్చే ఏడాది ఎవరు గెలుస్తారని అడుగుతున్నారు. మా నియమం ప్రకారం రెండు జట్లూ తేలేదాకా పేజీ తెరవకూడదు. 2026 పేజీ ఇది, ఖాళీగా ఉండాలి. ఉండండి, కళ్లజోడు పెట్టుకోనివ్వండి... లేదు, ఖాళీగా లేదు. జట్టు పేరు గడి ఖాళీ. నమ్మకం గడి ఖాళీ. రెండో గడిలో మాత్రం మా వదిన గారి దస్తూరీతో ‘ఏడు’ అని ఉంది. కింద సంతకం కూడా పెట్టేశారు.